ముందుమాట: గొంతులో దాగిన అక్షరం

'విత్తనాలపై రైతులకు రాయితీ' అన్న శీర్షిక ఏటా మృగశిర కార్తె ముందర ఏదో ఒక దినపత్రికలో కనబడుతుంది. అరవై ఏళ్లుగా చదువుతున్నాను. మా నాన్నగారు దత్తమండలాల్లో కరణం. నేను నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పాను. 'రైతు' అన్న మాట ఉర్దూ మీదుగా మనకు వచ్చిందని తెలుసు. బ్రౌను దొర 1854లో అచ్చు వేయించిన మిశ్రభాషా నిఘంటువు చిన్నప్పటి నుంచీ తిరగేసినవాణ్ణి. అయినా ఆ శీర్షికలోని రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలని, 'రైతు'లోనూ 'రాయితీ'లోనూ ఉన్న ధాతువు ఒకటేనని, ఆ ధాతువు నాలుగు వేల ఏళ్ల నాడు బాబిలోను రాజు తన్ను తాను చెప్పుకున్న బిరుదులో ఉన్నదని, ఈ పుస్తకం రాతప్రతి చదివినాకనే తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ పుస్తకం రాసిన అమ్మాయిది జగిత్యాల దగ్గర ఒక పల్లె. వరసగా బోర్లు ఎండిపోతే ఆమె తండ్రి అప్పు చేసి సౌదీ వెళ్లాడు. ఏజెంటు తోట పని అని చెప్పాడు. అక్కడ దిగాక తెలిసింది, ఎడారిలో గొర్రెలు, మేకలు కాసే పని అని. ఇంటికి పంపిన వీసా నకలులో పని పేరు రాసే చోట అరబ్బీలో చిన్న మాట ఒకటి ఉంది. పదో తరగతి చదివే పిల్ల ఆ కాగితం పట్టుకుని ఊరి మసీదు దగ్గరికి వెళ్లి పెద్దాయన చేత చదివించుకుంది. "రాయీ, అంటే కాపరి బిడ్డా" అన్నాడట ఆయన. ఆ ఒక్క మాట చదవడానికే ఆమె అరబ్బీ నేర్చుకోవడం మొదలుపెట్టింది. హైదరాబాదులో అరబ్బీ చదివి, తర్వాత పై దేశంలో హీబ్రూ, సిరియాక్, అక్కాదు భాషలు గురువుల దగ్గర కూర్చుని నేర్చుకుంది. ఊళ్లో రైతుగా ఉన్న తండ్రి ఎడారిలో రాయీ అయ్యాడు. ఈ రెండు మాటల ధాతువూ ఒకటేనని తెలిసిన రోజున ఈ పుస్తకం పుట్టిందని ఆమె నాతో చెప్పింది.

పండితులు కానివారికి కూడా అందాలని రాసిన పుస్తకం కనుక, ధాతువు సంగతి ఇక్కడ రెండు మాటల్లో చెప్తాను. మన ధాతువుకు మార్పు చివర్న జరుగుతుంది. 'మేయు' ఉంది, చివర్న తోక మారితే 'మేపు', 'మేత' అవుతాయి. అరబ్బీ, హీబ్రూ, అక్కాదు చేరిన సెమిటిక్ భాషల ధాతువు అలా కాదు. అది మూడు హల్లుల అస్థిపంజరం. అచ్చులు లోపల దూరి దానికి ప్రాణం పోస్తాయి. మన మాటలో ఆ మూడు హల్లులు ర, ఐన్ (గొంతులో పుట్టే ఈ హల్లు సంగతి తర్వాత చెప్తాను), య. మధ్యలో దీర్ఘం పెట్టి పలికితే 'రాయీ', మేపేవాడు. ముందు 'మ' చేరిస్తే 'మర్ఆ', మేపే చోటు. మరో అచ్చులబాణీలో 'రిఆయ', అంటే కనిపెట్టుకుని ఉండటం, దయ చూపడం. ఇంకో బాణీలో 'రఇయ్య', అంటే మేపబడేది, మంద. ముందు చేరే ఈ 'మ' మనకు కొత్తది కాదు. సాగిలపడే చోటు 'మసీదు', దిగే చోటు 'మజిలీ'. కాశీ మజిలీ కథలు చదివి పెరిగిన మన ఇళ్లలో ఈ బాణీ ఎప్పటి నుంచో తిరుగుతూనే ఉంది.

ఇందులో 'రిఆయ' పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చి మన 'రాయితీ' అయింది. 'రఇయ్య' అదే దారిలో వచ్చి 'రైతు' అయింది. రచయిత్రి ఇక్కడ 'రైతు' మాటను కంసాలి నగను విప్పినట్టు విప్పి చూపిస్తుంది. చివరి 'ఉ' మనది. హల్లుతో ఆగిపోయే మాటకు తెలుగు తగిలించుకునే అచ్చు. దాని ముందున్న 'త్' ధాతువులోది కాదు. అది అరబ్బీ స్త్రీలింగ ప్రత్యయం. 'వకాలతు'లో, 'దౌలతు'లో ఉన్నది అదే. ఇక మిగిలింది 'రై'. అందులో 'ర' ఉంది, 'య' నీడగా ఉంది. నడుమ ఉండవలసిన ఐన్ లేదు. అది పోయినందువల్లనే రెండు పక్కలా ఉన్న 'అ', 'ఇ' కలిసిపోయి 'ఐ' అయింది. ఒక అక్షరం పోతూ పోతూ అచ్చు మీద తన గుర్తు వదిలి వెళ్లింది.

ఐన్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. గొంతు అడుగు నుంచి కండరాన్ని బిగించి పలికే ధ్వని అది. ఎనిమిదో శతాబ్దంలో బస్రాలో ఉన్న ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అరబ్బీ భాషకు మొదటి నిఘంటువు కట్టినప్పుడు, అక్షరాలను నోటిలో పుట్టే స్థానాన్ని బట్టి లోపలి నుంచి బయటికి వరసపెట్టి, ఐన్‌తో ప్రారంభించాడు. అందుకే ఆ నిఘంటువు పేరు 'కితాబ్ అల్ ఐన్'. కంఠ్యాలతో మొదలుపెట్టి పెదవుల దాకా వచ్చే మన వర్గాక్షరాల క్రమం తెలిసిన వాళ్లకు ఈ పద్ధతి చూడగానే సంతోషం కలుగుతుంది. మా ఇంటి అరుగు మీద కూర్చుని ఈ అమ్మాయి నా చేత ఆ ధ్వని పలికించాలని చూసింది. నా వేళ్లు నా గొంతు మీద పెట్టించి, "ఇక్కడ కదలాలి సార్" అంది. అరగంట ప్రయత్నించాను. కదలలేదు.

అయితే ఐన్‌ను పోగొట్టుకున్నది మనమొక్కరమే కాదు. మనదాకా రాకముందే పారశీకుల నోట అది కరిగిపోయింది. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు మెసొపొటేమియాలో అక్కాదు భాష కూడా దాన్ని వదిలేసింది. పక్కనే ఉన్న సుమేరు భాషలో అలాంటి ధ్వనులు లేకపోవడం, రెండు జాతులూ వందల ఏళ్లు కలిసి బతకడం దీనికి కారణమని పండితులు అంటారు. అక్కడా ఐన్ ఊరికే పోలేదు. పక్కనున్న 'అ'ను 'ఏ'గా మార్చి పోయింది. అరబ్బీ 'బఅల్', హీబ్రూ 'బాఅల్' అన్న మాట (యజమాని అని అర్థం) అక్కాదులో 'బేలు'. ఈ సూత్రం తెలిసినవారికి కాపరికి అక్కాదు మాట ఏమై ఉండాలో చూడకుండానే తెలుస్తుంది: 'రేఊ'. మట్టి పలకల మీద ఉన్నదీ అదే.

ఇక్కడ నన్ను ఆపేసిన పేజీ ఒకటుంది. అదే ధాతువు నుంచి అక్కాదులో పచ్చిక బయలుకు ఒక మాట ఉంది: 'రీతు'. దాని 'త్' కూడా స్త్రీలింగ ప్రత్యయమే. బాబిలోను గొర్రెలు మేసిన 'రీతు', మా నాన్నగారి అడంగలులోని 'రైతు', రెండింటిలో ధాతువూ ఒకటే, ప్రత్యయమూ ఒకటే. చివరి 'ఉ' మాత్రం వేరు. అక్కడిది ప్రథమా విభక్తి, ఇక్కడిది తెలుగు అచ్చు. పోలిక చూపించి చప్పట్లు కొట్టించుకోకుండా, ఎంతవరకు చుట్టరికమో ఎక్కడి నుంచి యాదృచ్ఛికమో గీత గీసి చెప్పడం ఈ రచయిత్రిలో నాకు అన్నిటికంటె నచ్చిన గుణం.

ఎందుకంటే మన దగ్గర ఆ గీత గీసేవాళ్లు తక్కువ. తెలుగు 'ఊరు'ను, సుమేరుల 'ఊర్' నగరాన్ని పక్కపక్కన పెట్టి ఇద్దరం ఒకటేనని సభల్లో చెప్పినవాళ్లను చూశాను. వాళ్ల ఉత్సాహం మంచిదే, కానీ అది శాస్త్రం కాదు. రెండు మాటలు ఒకేలా వినబడితే చుట్టాలైపోవు. క్రమం తప్పని ధ్వని సూత్రం ఒకటి వాటిని కలపాలి. ఆ సూత్రం మరో పది మాటల్లో కూడా నిలబడాలి. అరబ్బీలో 'స'తో 'సలామ్' అయితే హీబ్రూలో 'ష'తో 'షాలోమ్', అక్కాదులో 'షలాము'. అరబ్బీ 'అర్ద్' (నేల) హీబ్రూలో 'ఎరెత్స్', సిరియాక్‌లో 'అర్ఆ'. చెవికి మూడూ దూరమే, సూత్రానికి దగ్గర. ఇటువైపు హీబ్రూలో 'రా' అంటే చెడ్డ. వినడానికి మన ధాతువులాగే ఉన్నా అది వేరే ధాతువు. అభిప్రాయం అనే అర్థంలో అరబ్బీ 'రఅ్‌య్' కూడా వేరే. దాని నడుమ ఉన్నది ఐన్ కాదు, హమ్జా అన్న వేరే హల్లు. 'చూచు' అన్న క్రియ నుంచి వచ్చింది. తెలుగు లిపిలో రాస్తే తేడా తెలియదు, పలికేవాడికి తెలుస్తుంది.

ఈ క్రమశిక్షణకు పునాది ఐరోపాలో పడిందనుకుంటాం. రచయిత్రి మనల్ని ఇంకా వెనక్కి తీసుకుపోతుంది. ఇప్పటి అల్జీరియాలోని తాహెర్త్‌లో యూదా ఇబ్న్ ఖురైష్ అన్న యూదు పండితుడు ఉండేవాడు. ఫెజ్ నగరపు యూదులు అరమాయిక్ చదవడం మానేస్తున్నారని తెలిసి, అరమాయిక్, అరబ్బీ రాకుండా హీబ్రూ అర్థం కాదని వాళ్లకు వివరంగా ఉత్తరం రాశాడు. మూడు భాషల మాటలనూ పక్కపక్కన పెట్టి చూపాడు. తర్వాత, సుమారు 1000 ప్రాంతంలో, కొర్దోబాలో యూదా హయ్యూజ్ హీబ్రూ ధాతువులన్నిటికీ మూడు హల్లులు ఉంటాయని, కొన్నిటిలో ఒకటి దాక్కుంటుందని నిరూపించాడు. మన ధాతువు అలాంటిదే. మూడో హల్లు 'య' హీబ్రూ రాతలో 'హ' వేషం వేసుకుని కూర్చుంటుంది. ఈ కుటుంబానికి సెమిటిక్ అన్న పేరు 1781లో ష్లోజర్ అన్న పండితుడు పెట్టాడు. అక్కాదు ఈ ఇంటి పెద్దక్క అని గట్టిపడింది 1857లో. ఒకే శాసనాన్ని నలుగురు పండితులు విడివిడిగా చదివి, సీలు వేసిన కవర్లలో లండన్‌కు పంపారు. విప్పి చూస్తే నాలుగు అనువాదాలూ ముఖ్యమైన చోట్ల కలిశాయి. అంతకు నలభై ఏళ్ల ముందే, 1816లో, మద్రాసులో ఎల్లిస్ దొర తెలుగు ధాతువులను ఎంచి తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది కాదని చూపాడు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1961లో తెలుగు ధాతువుల మీద తెచ్చిన గ్రంథం ఆ దారిలో పెద్ద మైలురాయి. ఈ అమ్మాయి బల్ల మీద ఆ గ్రంథం అట్టలు ఊడిపోయి కనబడింది. సంతోషించాను.

ఇక కాపరి రాజు ఎలా అయ్యాడన్నది. సుమేరులు కాపరిని రాసిన గుర్తు రెండు గుర్తుల కలయిక: ఒకటి కర్ర, రెండోది గొర్రె. అక్కాదు లేఖకులు ఆ గుర్తునే రాసి 'రేఊ' అని చదివేవారు. హమ్మురాబి శిక్షాస్మృతి చెక్కిన నల్లరాతి స్తంభం, రెండుంబావు మీటర్ల ఎత్తుది, 1901-02లో సూసా తవ్వకాల్లో దొరికింది. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాని పీఠికలో ఆ రాజు తన్ను దేవుడు ఎంచిన కాపరిగా చెప్పుకుంటాడు. గొర్రెలు కాసిన చేతికర్రే రాజదండం అయింది.

హీబ్రూ బైబిలులో ఈ మాట మీదకు ఇంకో వెలుగు పడుతుంది. ఇరవై మూడో కీర్తన మొదటి వాక్యంలో దేవుడే కాపరి. రచయిత్రి ఆ ఒక్క వాక్యాన్ని నాలుగు భాషల్లో వరసగా పెట్టింది: హీబ్రూ, సిరియాక్, ఇథియోపియా వారి గీజు, అరబ్బీ. నాలుగింట్లోనూ అదే ధాతువు. ఒక చోట నామవాచకంగా, ఒక చోట క్రియగా. అనువాదకులు మాట వెతుక్కోవలసిన పని లేకపోయింది, ఇంట్లోనే ఉంది. తెలుగు అనువాదంలో 'కాపరి' పడింది. ఆ 'కాపరి' దగ్గరికి మళ్లీ వస్తాను.

ఈ భాషల్లో ఇంకో విశేషం, గొర్రె మేయడానికీ కాపరి మేపడానికీ క్రియ ఒకటే. తెలుగులో రెండు రూపాలు కావాలి, వాళ్లకు ఒకటి చాలు. యెహెజ్కేలు ప్రవక్త తన గ్రంథం 34వ అధ్యాయంలో ఆ ఒక్క క్రియతోనే పాలకులను నిలదీశాడు. మందను మేపవలసిన కాపరులు తమను తామే మేపుకుంటున్నారని, కొవ్వు తిని, బొచ్చు కట్టుకుని, గొర్రెలను గాలికి వదిలేశారని. ఈ భాగానికి రచయిత్రి చేసిన తెలుగు నాకు బాగా నచ్చింది. 'మేపమంటే మేశారు' అని రాసింది. ఊరి సొమ్ము తిన్నవాణ్ణి 'మేసేశాడు' అనే మన పల్లెలకు ఆ ప్రవక్త కోపం వెంటనే అందుతుంది.

అరబ్బీలో కాపరి ఒకవైపు, మంద ఒకవైపు స్పష్టంగా విడిపడ్డాయి. 'రాయీ' పాలకుడు, 'రఇయ్య' పాలితులు. బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉన్న ఒక ప్రవక్త వచనం ఈ జంట మీదే నిలబడుతుంది: మీలో ప్రతివారూ కాపరే, ప్రతివారూ తమ మందకు జవాబు చెప్పుకోవలసినవారే అన్నది దాని భావం. జవాబు చెప్పుకోవలసినవాడికి అక్కడ వాడిన 'మస్ఊల్' మన 'సవాలు' ధాతువే. రాజ్యాలు పెద్దవైన కొద్దీ ఆ జవాబు మాట వెనక్కిపోయి, పన్ను మాట ముందుకు వచ్చింది. ఒట్టోమన్ తురుష్కుల కాగితాల్లో 'రఆయా' అంటే పన్ను కట్టే ప్రజ. ఖడ్గం పట్టేవాళ్లు వేరు. మొగలుల దగ్గరా, దక్కను సుల్తానుల దగ్గరా అదే లెక్క. ఫసలీ, జమాబందీ, తహసీలు, వసూలు అనే మాటల గుంపుతో కలిసి, పన్ను చిట్టాలో ఒక పేరుగా 'రైతు' మన ఊళ్లలోకి దిగింది. తర్వాత తామస్ మన్రో దత్తమండలాల్లో 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉండి, ఆ మాటకు 'వారీ' తగిలిన పన్ను పద్ధతిని నిలబెట్టాడు. రైతువారీ. ఒక్కొక్కరి పేరూ, ఒక్కొక్క సర్వే నంబరూ. 1984లో కరణీకాలు పోయేదాకా మా నాన్నగారు గీతలు గీసుకుని రాసిన పేజీలన్నీ ఆ పద్ధతి కొసలే.

పుస్తకంలో నా మనసు నిలిచిపోయింది మాత్రం 'కాపు' అధ్యాయం దగ్గర. 'రైతు' రాకముందు సేద్యం చేసేవాణ్ణి తెలుగులో ఏమనేవారు? కాపు. కులం పేరుగా బిగుసుకోక ముందు అది పని పేరు. తెలంగాణ పల్లెల్లో ఆ అర్థం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దాని ధాతువు 'కాచు', కాపలా ఉండు, రక్షించు. గొర్రెలు కాసే 'కాపరి' పుట్టిందీ అందులో నుంచే. సెమిటిక్ జాతులు ఎడారి అంచున మేపడం అన్న క్రియ నుంచి చేసిన పనిని, మనవాళ్లు ఇక్కడ చేను గట్టు మీద కాయడం అన్న క్రియ నుంచి చేశారు. ఒకరి నుంచి ఒకరు నేర్చింది కాదు. కానీ తేడా ఒకటుంది. 'కాపు' కాచేవాడు. 'రఇయ్య' కాయబడేది. పొలాన్ని కాచేవాడు ఒక చిట్టా మారడంతో మందలో ఒకడయ్యాడు. ఈ మాట ఇంతకు ముందు ఎవరూ నాకు చెప్పలేదు. (చెట్టు 'కాపు' వేరు, అది 'కాయ' కుటుంబం. రచయిత్రి ఆ జాగ్రత్తా మరవలేదు.)

ఒక చోట మాత్రం ఆమెతో ఏకీభవించలేకపోతున్నాను. 'రైతు' అన్న మాటలో ఉన్న మంద వాసన నేటికీ పోలేదని, పాలకులు రాయితీ ఇచ్చే తీరులో ఆ వాసన ఉందని ఆమె రాసింది. ఆమె తండ్రి పడ్డ కష్టం తెలిసినవాణ్ణి కనుక ఆ కోపాన్ని గౌరవిస్తాను. అయినా మాటను మన జనం అలా ఉండనివ్వలేదు. గూడవల్లి రామబ్రహ్మం 1939లో 'రైతుబిడ్డ' అని సినిమాకు పేరు పెట్టినప్పుడు, ఆ మాట జమీందారుకు ఎదురు నిలిచే మాట. మంద అన్న అర్థం తెలుగు నోట ఎవరికీ వినబడలేదు. 'రైతే రాజు' అని బండల మీద, బస్సుల మీద రాసుకున్న మనం, తెలియకుండానే మందను కాపరి ఆసనం మీద కూర్చోబెట్టాం. దీని మీద ఆమె, నేను మూడు సాయంత్రాలు వాదించుకున్నాం. ఆమె తన వాక్యం మార్చలేదు. మార్చవద్దని నేనే చెప్పాను.

ఇథియోపియా భాషలకు ఇచ్చిన పేజీలు సరిపోలేదు. గీజుకు చుట్టాలైన భాషల్లో పశువుల కాపరుల బతుకు ఇప్పటికీ సజీవంగా ఉంది కనుక అక్కడ ఈ ధాతువు కథ ఇంకా పెద్దదై ఉండాలి. రెండో ముద్రణకు అది ఆమె బాకీ. అక్కాదు మాటలకు తెలుగు లిపిలో వాడిన గుర్తులు మొదట్లో కళ్లకు కొత్తగా ఉంటాయి. ఇరవై పేజీలు ఓపిక పడితే అలవాటవుతాయి.

ప్రూఫులు దిద్దడానికి కిందటి నెల ఆమె ఊరికి వెళ్లాను. తండ్రి ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు. పదకొండేళ్లు ఎడారిలో ఉండి వచ్చాడు. రెండెకరాలు మళ్లీ సాగు చేస్తున్నాడు, నాలుగు మేకలు కూడా ఉన్నాయి. వాకిట్లో మంచం మీద కూర్చుని, కూతురు పుస్తకంలో నుంచి ఆయనకు సంబంధించిన పేజీలు నేను చదివి వినిపించాను. వీసా మీది మాట వచ్చింది. "రాయీ" అని చదివాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "గట్ల కాదు సారూ" అన్నాడు. చేతిలో ఉన్న మేత మేక ముందు వేసి, గొంతు సవరించుకుని, ఆ మాట పలికాడు. నడుమ ఐన్, ఖలీల్ తన నిఘంటువుకు మొదట నిలబెట్టిన ఆ అక్షరం, నిండుగా, ఏ కష్టమూ లేకుండా, ఆయన గొంతు అడుగు నుంచి వచ్చింది.